క్రొత్త యిల్లు, పెరటి సేద్యము – బార్కసు పేట చెప్పు పాఠము

క్రొత్త స్థలమునందు ఇల్లు కట్టుకొన నెంచిన సభ్యులు మా యొద్దకు వచ్చి మొదట నడుగు ప్రశ్న ద్వారబంధము ఏ దిక్కున నిలుపవలెనని. రెండవది ఇటుకల ధర. స్నానము చేసిన నీరు ఏ వైపునకు పోవలెనని యడిగినవారు మా యిరువది యేండ్ల పనిలో వ్రేళ్లమీద లెక్కింపదగినంత మందియే. అయినను ఆ యింటి సౌభాగ్యము సగము ఆ నీటి త్రోవమీదనే యాధారపడి యుండును. ఈ మాట పరిహాసమునకు చెప్పుట లేదు. ఈ నెల పాఠము దీనినిగూర్చియే.

మన సభ్యులలో ఊరు మారువారు నేడు తక్కువ కాదు. జలాశయముల క్రింద పాత ఊరు మునిగినవారు కలరు. అన్నదమ్ములు పంచుకొనగా తమ వంతుకు వచ్చిన పొలము గట్టుననే కాపురముండ దలచినవారు కలరు. పట్టణములో జీతము చాలించుకొని తాతలనాటి చెలకకు మరలి వచ్చువారును కలరు. వీరందరికి పనికివచ్చు దృష్టాంతము నొకదానిని హైదరాబాదు పాతనగరమునుండి తెచ్చుచున్నాము. నగరమునుండి రైతునకు పాఠమా యని కొందరు నవ్వవచ్చును. కాని బార్కసు మొదట నగరము కాదు; నగరము వెలుపలి బయలు.

చార్మినారునకు దక్షిణముగా, చాంద్రాయణగుట్ట దాటి పహాడీషరీఫు వైపు పోవు త్రోవలో ఈ పేట కలదు. ఇంగ్లీషువారు సిపాయిల వసతులను బారకులని పిలిచెడివారు. ఆ మాటయే జనుల నోట నలిగి బార్కసు అయినది. నిజాము ప్రభుత్వము కొలువులోని అరబ్బు సిపాయిలు ఇచ్చట నుండెడివారు. నగరములో ఇట్టి పేళ్లు మఱికొన్ని కలవు, ఏ.సి. గార్డ్సు అను పేట ఆఫ్రికా ఆశ్వికదళమువారి పేరిట వెలసినది. బార్కసు సిపాయిలలో అనేకులు దక్షిణ అరేబియాలోని హద్రమౌతు సీమవారు. ఆ సీమ నేడు యెమెను దేశములో నున్నది. ఇచ్చటి జనులు వీరిని చావుషులని పిలుతురు.

హద్రమౌతు రాళ్లును, ఇసుకయు, ఎండయు గల సీమ. అచ్చట వాన అరుదు. కురిసినప్పుడు గుట్టలమీద కురిసి వాగుల వెంట ఒక్క పెట్టున ఉరికి వచ్చును. రైతులు ఆ వరదకు అడ్డముగా మట్టికట్టలు వేసి, నీటిని ఖర్జూరపు తోటలలోనికిని జొన్నచేలలోనికిని మరలించుకొందురు. ఇండ్లను పచ్చి యిటుకలతో గట్టుదురు. షిబాము అను పట్టణమున అట్టి మట్టి మేడలు అయిదారంతస్తుల ఎత్తునను, అంతకు మించియు నేటికిని నిలిచియున్నవి. నీటిచుక్క విలువ యిట్టి సీమలో పుట్టినవారికి ఒకరు చెప్పనక్కరలేదు.

అయినను సిపాయి వసతి కాపురమునకు గట్టినది కాదు. అందు వరుసగా గదులుండును, జీతము వచ్చును, పిలుపు వచ్చిన పోవలెను. చెట్టు నాటువానికి కావలసిన ధైర్యము, అనగా వచ్చు అయిదేండ్లును ఇచ్చటనే యుందునను నిశ్చయము, అందుండదు. పెద్ద జమేదారుల సంగతి వేఱు. పందొమ్మిదవ శతాబ్దమున వారిలో కొందరు సర్కారునకే అప్పులిచ్చి తాలూకాల రాబడిని తనఖా పట్టిరి. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగు ఆ తాలూకాలను క్రమముగా విడిపించుకొనెను. నిజాము కొలువున జమేదారులై గడించిన కుఐతీ వంశమువారు ఆ ధనముతో స్వదేశమునందు ముకల్లా రాజధానిగా రాజ్యమే స్థాపించి 1967 వరకు ఏలిరి. సామాన్య సిపాయి రాజ్యము నేలలేదు. అతడు ఈ దేశపు స్త్రీని వివాహమాడెను, బిడ్డలను గనెను, వాకిట ఒక చెట్టు నాటెను. సర్కారు గోడల నడుమ ఇల్లు మొదలైనది అప్పుడే యని మా యభిప్రాయము.

1948 సెప్టెంబరులో భారతసేన హైదరాబాదులో ప్రవేశించి, అయిదు దినములలో నిజాము ప్రభుత్వమును లొంగదీసెను. పిదప అరబ్బు దళములు రద్దు చేయబడినవి. జీతము నిలిచిపోయినది. కొందరు సముద్రము దాటి తాతల సీమకు పంపబడిరి. ఇచ్చటనే పుట్టి, తల్లి వంక చుట్టములందరు ఇచ్చటనే గలవారు ఎచ్చటికి పోగలరు? ఉండిపోయినవారిలో కొందరు చిల్లర వర్తకమునకు దిగిరి, కొందరు కూలికి పోయిరి, కొందరు పండ్లతోటలను ఆశ్రయించిరి. బార్కసు జామ యని నగర వీథులలో కేకవేసి అమ్మినంత పేరు ఆ పండునకు వచ్చినది. ఇంకొక వింత చూడుడు: ఉత్తరదేశపు ఉర్దూవారు ఈ పండును అమ్రూదు అందురు, హైదరాబాదు ఉర్దూలో దీనిని జామ్ అనియే అందురు. అరబ్బు తాత మనుమడు పండును మన పేరుతోనే పిలుచుచున్నాడు. క్రొత్త నేలలో వేరూనుట యనగా నిదియే.

జామయే ఏల యనగా, ఆ నేలకు అది తగినది. హైదరాబాదు చుట్టుపట్ల హెచ్చుగా ఎఱ్ఱచెలక. పైన మూరెడు మన్ను, క్రింద మొరము, ఆ క్రింద రాయి. మామిడి యట్టి చోట వేరు దించుటకు కష్టపడును, బత్తాయి నీటికై యేడ్చును. జామ అమెరికా ఖండపు చెట్టు. పోర్చుగీసువారి కాలమున మన దేశము చేరినదందురు. అదియు పరదేశమునుండి వచ్చి ఇచ్చట పాతుకొన్నదే. చౌడు కొంత యున్నను, ఎండ కొంత హెచ్చినను ఓర్చుకొనును. రెండు మూడేండ్లలో కాపునకు వచ్చును, ఇరువది యేండ్లకు పైగా కాయును. నారింజలోని కంటె దానిలో సి విటమిను మూడు నాలుగు రెట్లు హెచ్చు. ఆకలిగొన్న యింట ఎదుగు పిల్లలకు ఇంతకంటె చవుకయైన మందు మాకు కానరాదు.

ఇక మన సభ్యులు చేయదగిన పనికి వత్తము. మీకు ఐదు గుంటల నివేశనస్థలము కలదనుకొందము. అనగా 605 చదరపు గజములు. మేము చూచినంతలో నూటికి తొంబదిమంది మొదట నడుమ నిల్లు కట్టుదురు. తరువాత నీటిని వెదకుదురు. ఆ పిదప మిగిలిన మూలలలో, ఇసుకయు సున్నమును ఇటుక ముక్కలును కూరుకొన్న నేలలో, మొక్కలు నాటి అవి యెదుగలేదని దైవమును నిందింతురు. క్రమము దీనికి తలక్రిందులుగా నుండవలెను. తొలుత నీరు, తరువాత చెట్టు, ఆ పిదప పశువు, గోడలు చివర.

సాధ్యమైనచో ఒక వానకాలము పాకలో గడపుడు. పెద్ద వాన కురియుచున్నప్పుడు గొడుగు పట్టుకొని స్థలమంతయు తిరిగి చూడుడు. నీరు ఎచ్చట చేరుచున్నది, ఎచ్చట కోయుచున్నది, పొరుగువారి దొడ్డినుండి ఏ వైపుగా వచ్చుచున్నది యని గుర్తులు పాతుడు. ఏ మేస్త్రీయు ఇంత మంచి పటము గీయలేడు. మిట్టన ఇల్లు, పల్లమున చెట్లు, నడుమ దొడ్డి యుండవలెను. ఎరువు గుంట బావికి ఎగువన నుండరాదు. ఏబది యడుగుల దూరమైనను విడువవలెను. మరుగుదొడ్డికిని ఇదే నియమము. ఇట్లు చేయని యిండ్లలో పిల్లలకు విరేచనములు పట్టినపుడు దృష్టి తగిలినదని యనుట మనము వినుచునే యున్నాము.

మేమెఱిగిన యొక సభ్యుడు తన పాలి పొలములో సగమమ్మి, అది చాలక అప్పు చేసి, స్లాబు ఇల్లు కట్టెను. ఇల్లు అందముగానే యుండెను. బోరు వేయుటకు సొమ్ము మిగులలేదు. రెండేండ్లు అతని భార్య ఫర్లాంగు దూరమునుండి బిందెలతో నీరు మోసెను. ఆవు నమ్మిరి, కోళ్లు పోయినవి, కూరగాయలు సంతనుండి కొనవలసి వచ్చినది. మూడవ యేట ఇంటికి తాళము వేసి అతడు పట్టణములో కావలివాని యుద్యోగమునకు పోయెను. అతని కష్టమునకు సోమరితనము కారణము కాదు, క్రమము తప్పుటయే. అదే తరి ఆ గట్టుననే రేకుల పాక వేసి, మొదట బావి పూడిక తీయించుకొన్న వేఱొక కుటుంబము నాలుగవ యేట గోడలు లేపినది. ఆ గోడలకు పెరటి రాబడి కొంత తోడైనది.

ఇంటి నీటి లెక్క వేసికొందము. అయిదుగురు గల యింట ఒక్కొక్కరు స్నానమునకు ఇరువది లీటర్లు వాడినను దినమునకు నూరు లీటర్లు, నెలకు మూడువేలు. ఈ నీరు వీథిలోనికి విడిచినచో బురదయు దోమలును పొరుగువారితో తగవును మిగులును. దీనినే గులకరాళ్లు నింపిన చిన్న గుంటగుండ పోనిచ్చి, కాలువ తీసి, మొదట అరటి పాదునకును తరువాత జామ పాదులకును మరలించినచో ఎండకాలమంతయు అయిదాఱు చెట్లను బ్రతికించుకొనవచ్చును. హద్రమౌతు రైతు వరదకు కట్ట వేయుటయు, మన ఆడువారు పెరటిలో పారతో కాలువ త్రిప్పుటయు ఒకే విద్య. నీరు తక్కువైన చోట దానిని ఒకమాఱుకంటె ఎక్కువగా పనిచేయించుకొనవలెను.

జామను నాటు విధము. చైత్ర వైశాఖములలో, ఎండ కాయుచుండగానే, రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు గల గోతులు త్రవ్వి ఎండనీయుడు. పైమన్ను ఒక ప్రక్క, అడుగుమన్ను వేఱొక ప్రక్క పోయుడు. మొక్కకు మొక్కకు ఇరువది యడుగుల యెడముండవలెను. చోటు చాలదని పదియడుగులకు నాటినవారు ఆఱేండ్లకు ఆకులు మాత్రమే కోసికొందురు. కొమ్మలను ఏటేట కత్తిరించు నేర్పు గలవారికి మాత్రము దగ్గఱ నాటు పద్ధతి చెల్లును. తొలకరికి ముందు రెండు గంపల మాగిన ఎరువును పైమన్నుతో కలిపి గోయి పూడ్చుడు. గింజమొక్కలు వలదు, అవి తల్లిని పోలవు, ఆలస్యముగా కాయును. అంటుమొక్కనే అడుగుడు. అలహాబాదు సఫేదా నునుపైన గుండ్రని కాయ. లక్నో-49 అనునది గరుకు తోలుది, విరివిగా కాయును. మన సంగారెడ్డి పరిశోధన క్షేత్రమువారు కోహీరు జామను అలహాబాదు సఫేదాతో సంకరపఱచి సఫేద్ జామ్, కోహీర్ సఫేదా అను రకములను తీసిరి. జహీరాబాదు వైపు వారికి కోహీరు జామ సంగతి మేము చెప్పనక్కరలేదు. నేడు తైవాను జామ యని గులాబి కండగల రకమునకు మోజు హెచ్చినది. అది త్వరగా కాయునది నిజమే, కాని నీటిని ఎరువును ఎడతెగక అడుగును. పెరటిలో ఒకటి రెండు చాలునని మా సలహా.

జామ విడిచిపెట్టినచో ఏడాదిలో మూడు మాఱులు పూచును. మామిడి పూతతో పాటు పూచినది వానకాలపు కాయ. దానికి రుచి తక్కువ, పురుగు హెచ్చు. మృగశిర కార్తెయందు పూచినది చలికాలపు కాయ, ఇదియే శ్రేష్ఠము. హస్త కార్తె పూత కాయలు వేసవి మొదట వచ్చును, అవి కొలది. మూటికిని ఆశపడువాడు మూటిలోను నష్టపడును. కాపు పట్టిన చెట్లకు మాఘము చివరనుండి వైశాఖము వఱకు నీరు ఆపుడు. ఆకులు వాడి రాలును, భయపడకుడు. తరువాత పాదులు త్రవ్వి, చెట్టునకు నాలుగైదు గంపల ఎరువు వేసి, నీరు పెట్టుడు. తొలకరితో క్రొత్త చిగురు, దానితో పూత వచ్చును. లేతమొక్కలకు మాత్రము ఈ ఉపవాసము పనికిరాదు; స్నానపు నీరు ఆ నెలలలో వానికి పోవలెను. పండు ఈగ తొలచిన కాయలను చెట్టు క్రింద కుళ్లనిచ్చుట మన యిండ్లలో పెద్ద దోషము. వానిని ప్రతిదినము ఏరి రెండడుగుల లోతున పాతుడు, లేనిచో ఆ పురుగే మరల ఈగయై వచ్చును. మిథైల్ యూజినాల్ ఎరబుడ్లు రెండు మూడు వ్రేలాడదీసినచో మగ ఈగలు చిక్కును. చెట్టు ఆకస్మికముగా వాడి ఎండుచున్నచో దానిని వేళ్లతో పెకలించి కాల్చివేయుడు. అదే గోతిలో మరల జామ నాటవలదు.

ఐదు గుంటలలో అయిదాఱు జామలుగాక, బావి గట్టున ఒక నిమ్మ, వంటింటి వెనుక కరివేప, కంచె పొడవున మునగ యుండుట మేలు. దడిమీద బీర, చిక్కుడు, పాకమీద ఆనప ప్రాకవచ్చును. జామల నీడ పడువఱకు నడుమ నేలలో తోటకూర, మిరప, వంగ వేసికొనవచ్చును. మేకను పెంచువారు కట్టి పెంచవలెను. మేక నోరు తగిలిన జామ బెరడు మానదు; ఇరుగుపొరుగుల తగవులు సగము మేకతోను, సగము గట్టుతోను పుట్టును. కోళ్లు ఎనిమిది పది చాలును. కొక్కెర తెగులు, దానినే రాణీఖేత్ జబ్బందురు, వచ్చిన పిదప మందు లేదు. ముందుగా పశువైద్యశాలలో టీకా వేయించుటయే త్రోవ. ఈ కోళ్లపెంట, పేడ, ఆకు, బూడిద అన్నియు గుంటలోనికి పోవలెను. ఆల్బర్టు హోవార్డు దొర ఇందూరులో 1924 మొదలు 1931 వఱకు పనిచేసి చూపిన కంపోస్టు పద్ధతి చాల సులభమైనది: జానెడు చెత్త, దానిపై పలుచగ పేడ, కొంచెము మన్ను, తడి, మరల అట్లే. నెలకొకసారి తిరుగవేసినచో మూడు నెలలకు నల్లని ఎరువు సిద్ధము.

ఈ పనులలో ముప్పాతిక ఆడువారే చేయుదురని అందరు ఎఱుగుదురు. అట్లయ్యు సంఘమున సభ్యత్వము, స్థలపు పట్టా, అమ్మిన సొమ్ము మగవాని పేరిటనే యుండుట మాకు న్యాయముగా తోపదు. బార్కసులో సిపాయి కొలువు పోయిన నాడు ఇల్లు నిలిచినది ఏ యాధారమున? ఆ యింటి తల్లి యీ దేశపుది, ఆమెకు ఇరుగుపొరుగు తెలియును, సంత తెలియును. క్రొత్త ఊరిలో మొదటి చుట్టరికము బావి యొద్దనే కలియును. అది మగవారి చావడిలో కలియదు. ఇంటి స్థలమును ఇద్దరి పేరిట వ్రాయించుకొనుడు.

ఒక్క ఇంటి గంపెడు కాయలకు దళారి చెప్పినదే ధర. ఇరువది యిండ్ల కాయలు ఒక్క బండిలో పోయినచో ధర చెప్పువారు మారుదురు. మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చినది. అప్పటి తలంపు వడ్డీబాధ తీర్చుట మాత్రమే. 1956లో ముల్కనూరున అలుగిరెడ్డి విశ్వనాథరెడ్డిగారు మొదలిడిన సహకార గ్రామీణ బ్యాంకు అప్పుతో ఆగక, ఎరువు విత్తనములు అందించుటకును, పంట అమ్మించుటకును పూనుకొన్నది. పెరటి పంటకును ఆ త్రోవయే తగును. క్రొత్తగా ఊరు చేరినవాడు కంచె వేయుటకు ముందు సంఘమున చేరవలెనని మేము చెప్పుదుము. కంచె వలన పొరుగువాడు దూరమగును; కూడి అమ్ముకొన్న వాడు దగ్గఱగును.

బార్కసు తోటల తరువాతి కథయు చెప్పక తప్పదు. 1970 ప్రాంతమునుండి ఆ పేట పిల్లలు గల్ఫు దేశములకు పనులకు పోయిరి. అచ్చటినుండి సొమ్ము వచ్చినది. నగరము పెరిగి పేటను చుట్టుకొన్నది; గుంటలలో లెక్కించిన భూమి గజములలో అమ్ముడుపోయినది. జామతోటలు ప్లాట్లయినవి. నేడు అచ్చటికి పోవు జనులు మందీ అన్నమును, హరీసును వెదకుచు పోవుచున్నారు. అమ్మినవారిని నిందించు అధికారము మాకు లేదు. ఆడపిల్ల పెండ్లియో, కొడుకు ప్రయాణమో ప్రతి గోడ వెనుక నుండును. కాని లెక్క మాత్రము పూర్తిగా వేయవలెను. పెరటిని గజములకు కొలిచి అమ్మువాడు కాయల వెలయొకటే వ్రాసికొనుచున్నాడు. పిల్లలు తినినవి, పశువు మేసినది, ఎండలో ముసలివారు కూర్చున్న నీడ, స్నానపు నీరు పోవు చోటు ఆ చీటీలో వ్రాయబడవు. అమ్మిన మరునాటినుండి వీనినన్నిటిని కొనవలెను. మీ ఊరికి రాదారి పెద్దది కాబోవుచున్నదని విన్ననాడు, బేరగాడు రాకముందే, ఇంటిల్లిపాది కూర్చుండి ఈ లెక్క వేయుడు. అమ్మక తప్పనిచో ముందరి భాగమమ్ముడు. బావియు, దానిని అంటియున్న చెట్లును గల భాగమును విడువవలదు.

ఈ యేడు నాటదలచినవారు గోతులను వైశాఖము దాటకుండ త్రవ్వుడు. ఎన్ని అంటుమొక్కలు కావలెనో సంఘము కార్యదర్శికి ముందుగా వ్రాయించినచో అందరివి కలిపి ఒక్కమాఱే తెప్పించుటకు వీలగును, బండి ఖర్చు పంచుకొనవచ్చును. మొక్కలు వచ్చిన దినముననే నాటవలెను. ఆ దినము నీడలో నుంచి, సాయంకాలము చల్లబడిన పిదప, అంటు కట్టిన చోటు మట్టిలో పూడకుండ చూచుకొనుడు.